అయిదో చరణం

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, బయట ఎండ చుర్రుమంటుండగా, నలుగురు మనుషులు తివాచీల గోదాము కింద ఉన్న నేలమాళిగలోకి దిగి తలుపు వేసుకున్నారు. అందులో ఒకామె చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది. దెయ్యం కథ బిస్కెట్లతో మొదలవడమేమిటని మీకు అనిపించవచ్చు. ఏం చెయ్యను, జరిగింది అలాగే జరిగింది.

డబ్బా పట్టుకున్నామె డ్రమ్స్ వాయిస్తుంది. అందరూ ఆమెని అక్క అంటారు. నిజానికి ఆమె అక్క అయింది ఒక్కడికే, పాటలు పాడే తమ్ముడికి. వాడు పూటకి వందసార్లు అక్కా అక్కా అంటుంటే మిగతా ఇద్దరికీ అదే నోటికెక్కింది. వారమంతా ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. మైనంలో దంతాలు చెక్కే చెయ్యి కాబట్టి వణకదు. వెయ్యి దెబ్బలు కొట్టమంటే వెయ్యీ గీత గీసినట్టు ఒకే ఎడంతో కొడుతుంది.

బేస్ గిటారు వాయించేవాణ్ణి లారీ అంటారు. లారీ నడుపుతాడని కాదు, లారీలా ఉంటాడని. బడిలో లెక్కల మాస్టారు. అంత మనిషి వస్తుంటేనే పిల్లలు నోళ్ళు మూసుకుంటారు గానీ, అతను ఇంతవరకు ఒక్కణ్ణి కూడా కొట్టిన పాపాన పోలేదు. లీడ్ గిటారు వాయించేది లాయరు. అది ముద్దుపేరు కాదు, ఆయన వృత్తే అది. అక్క కంటే ఆరేళ్ళు పెద్ద. అయినా అక్కా అనే పిలుస్తాడు, ఆమె తిరిగి లాయరుగారూ అంటుంది.

ఇక తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు, ఆమెకి పంతొమ్మిది. అప్పటినుంచి వాడికి అమ్మా నాన్నా అన్నీ ఆమే. ఇప్పుడు వాడికి ఇరవై నాలుగు. జిరాక్స్ షాపులో పని. ఆమెకి పెళ్ళయింది, మొగుడు మంచివాడు, ఇల్లు చల్లగానే ఉంది. కానీ ఈ లోకంలో ఆమె ఎవరికోసమైనా అబద్ధమాడగలదు, ఎవరి గొంతైనా కొయ్యగలదు అంటే అది వాడి కోసమే. ఈ మాట ఆమె తనే నవ్వుతూ అనేది.

ఈ నలుగురినీ కలిపింది ఒక నవల. ఆరు సంపుటాలు, ఒక్కోటి తలకింద దిండుగా పనికొచ్చేంత లావు. పేరు "ఎముకల వంతెన". లేని లోకం, లేని నది. ఆ నది మీద మేస్త్రీలు వంతెన కడుతుంటారు. అది నిలబడదు. ఒక్కో స్తంభం నిలబడడానికి మనుషుల ఒంట్లోంచి ఒక్కోటి అడుగుతుంది. ఇదీ కథ. ఆ కథలోని సంగతుల్ని రాక్ పాటలుగా కట్టి వీళ్ళు నెట్‌లో పెడతారు. బృందం పేరు మేస్త్రీలు. ఇప్పటికి ముప్పై పాటలు. వినేవాళ్ళు మూడువందల పైచిలుకు. అందులో సగం మంది వీళ్ళ చుట్టాలే అని లారీ అంటాడు.

వీళ్ళకి ఒక నియమం ఉంది. పుస్తకంలో ఉన్నదేదీ వదలకూడదు, లేనిదేదీ చేర్చకూడదు. ఒకసారి లాయరు రాగం సరిపోలేదని ఒక "అయ్యో" కలిపితే తమ్ముడు నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. అభిమానులంటే అంతే. రాసినవాడికి లేని పట్టింపులు చదివినవాడికి ఉంటాయి.

ముప్పై ఒకటో పాట మేస్త్రీల పాట. నాలుగో సంపుటంలో వస్తుంది. నదిలో స్తంభం దించుతూ పెద్దమేస్త్రీ అడుగుతాడు, కూలీలు ఒప్పుకుంటారు, సమ్మెట పడుతుంది.

*ఒకటో స్తంభం నిలబడనంది*
*వేళ్ళడిగింది, ఇద్దామా?*
*ఇద్దాం ఇద్దాం, కొట్టు దెబ్బ.*

రెండోది నాలుక అడుగుతుంది. మూడోది మోకాళ్ళు. నాలుగోది ఊపిరి. అయిదో చరణం దగ్గర పుస్తకంలో మాటలు లేవు. ఆరు వరుసల చుక్కలున్నాయి. దాని కింద ఒక వాక్యం ఉంది. "పాట మొదలయ్యాక సమ్మెట ఆగకూడదు. ఆగితే స్తంభం పాడేవాణ్ణి తీసుకుంటుంది."

ఆ చుక్కలు తమ్ముడికి రెండేళ్ళు నిద్ర లేకుండా చేశాయి. ఉన్నదేదీ వదలకూడదు. మరి చుక్కల్ని ఎలా పాడాలి? ఆరు పుస్తకాలూ ఇరవైసార్లు తిరగేశాక, ఒకరోజు జిరాక్స్ మిషను ముందు నిలబడి ఉండగా వాడికి తట్టింది. ప్రతి సంపుటం చివర కథతో పొంతన లేని వాక్యం ఒకటి విడిగా ఉంటుంది. మూడువేల పేజీల నవల "ఇద్దామా?" అన్న ఒక్క మాటతో ముగిసిందని పాఠకులు రచయితని తిట్టని తిట్టు లేదు. ఆరు వాక్యాలూ వరసగా రాస్తే చుక్కల్లో సరిగ్గా ఇమిడాయి.

*అయిదో స్తంభం నిలబడనంది*
*నీరడగలేదు, రాయడగలేదు*
*పరాయివాడి ప్రాణమడగలేదు*
*సమ్మెట ఎత్తే చేతిని చూసి*
*ఆ చేతికి తోబుట్టిన నెత్తురడిగింది*
*ఇద్దామా?*

నలుగురూ ఎగిరి గంతేశారు. దాచినవాడు వెతకమనే దాచాడని మురిసిపోయారు. ఎవరికీ దొరక్కూడదనే ముక్కలు చేసి, ఒక్కో పుస్తకం అడుగున ఒక్కో ముక్క పాతిపెట్టాడేమో అని ఒక్కరికీ తోచలేదు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట వెనకటికెవడో. అభిమానం ముదిరినా అంతే.

ఆ ఆదివారం రికార్డింగు. నేలమాళిగ గోడలకి పాత పరుపులు, గుడ్ల అట్టలు కొట్టి ఉన్నాయి. తలుపుకి కూడా పరుపే. అది మూస్తే లోపల బాంబు పేలినా పైన వినపడదు. ఫోన్లు ఉంటే మైకుల్లో గరగరమంటుందని మెట్ల మీదే వదిలేశారు. నలుగురూ ఒకే గదిలో, ఒకే టేకులో, మొదటినుంచి చివరిదాకా ఆగకుండా వాయించాలి. సమ్మెట ఆగకూడదని పుస్తకంలో ఉంది కదా మరి.

"అక్కా, లైటు ఆర్పెయ్యనా?" అన్నాడు తమ్ముడు. "పుస్తకంలో మేస్త్రీలు స్తంభం గుంటలో చీకట్లో పాడతారు."

"ఆర్పు. వైర్లు తట్టుకుని పడ్డావంటే మాత్రం లేపేదాన్ని కాదు."

గిటారు మోత పెంచే యాంపు మీది ఎర్ర దీపం ఒక్కటే మిగిలింది. లాయరు తీగలు సవరించుకుంటూ నవ్వాడు.

"ఈ అయిదో చరణం చూశావా అక్కా? సమ్మెట నీ చేతిలో ఉంది. తోబుట్టినవాడు మైకు ముందున్నాడు. ఆ రచయితకి మీ ఇంటి సంగతులు ఎవరు చెప్పారో."

"మా అక్క నన్నివ్వదులెండి," అన్నాడు తమ్ముడు. "కావాలంటే మిమ్మల్నిచ్చేస్తుంది."

లారీ పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే కర్రలు ఎత్తి నాలుగు లెక్కపెట్టింది.

పాట బాగా మొదలైంది. అంత బాగా వాళ్ళెప్పుడూ వాయించలేదు. తమ్ముడి గొంతు వాడిది కానంత లోతుగా పలికింది. "వేళ్ళడిగింది, ఇద్దామా?" అని వాడు అడగ్గానే లారీ, లాయరు "ఇద్దాం ఇద్దాం" అన్నారు.

ఇద్దరి గొంతులే వినపడాలి. చాలా గొంతులు వినపడ్డాయి. నేలకింద నుంచి వచ్చినట్టున్నాయి. గది గోడలు తిప్పికొడుతున్నాయేమో అనుకుంది అక్క. అప్పుడే ముక్కుకి ఒక వాసన తగిలింది. తడి ఇసుక, కుళ్ళిన నాచు, నది వాసన. ఆ ఊళ్ళో నది లేదు.

"కొట్టు దెబ్బ" దగ్గర ఆమె కాలు పెద్ద డ్రమ్ పెడలు మీద పడింది.

ఠప్పుమని ఏదో తెగింది. గిటారు తీగ అనుకుంది. లాయరు కెవ్వుమన్నాడు. ఎర్ర వెలుగులో ఆయన ఎడమచెయ్యి కనపడింది. తీగలు నాలుగు వేళ్ళలోకీ దిగిపోయాయి, కత్తి వెన్నలోకి దిగినట్టు. రెండు వేళ్ళు కిందపడ్డాయి. మిగతా రెండూ తోలు పట్టుకుని వేలాడుతున్నాయి. విచిత్రమేమిటంటే ఆయన చెయ్యి ఇంకా వాయిస్తూనే ఉంది. తెగిన మొదళ్ళు తీగల మీద పరిగెడుతున్నాయి. ఆయన మొహం మాత్రం ఆ చేతి వంక చూసి ఏడుస్తోంది.

అక్క కర్రలు కింద పెట్టింది. ఎవరైనా అదే చేస్తారు.

డ్రమ్స్ ఆగాయి.

తమ్ముడు మైకు వదిలేసి మోకాళ్ళ మీద పడ్డాడు. వాడి ఛాతీ లోపలికి పోతోంది. పైన ఎవరో కాలు పెట్టి తొక్కుతున్నట్టు... మెల్లగా... టక్కుమని ఒక ఎముక విరిగింది. ఇంకొకటి. నోటినుంచి నెత్తురు నురగ. మాట లేదు. కళ్ళు మాత్రం అక్క మీదే ఉన్నాయి.

ఆమె అరుస్తూ లేవబోయింది. లేస్తుంటే కాలు జారి పెడలు మీద పడింది.

దబ్.

తమ్ముడి ఛాతీ పైకి లేచింది. గాలి పీల్చుకున్నాడు.

ఆమెకి అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే ఎంత బాగుండేదో. కర్రలు అందుకుని మళ్ళీ కొట్టింది. దబ్... దబ్... దబ్... వాడు లేచి నిలబడ్డాడు. విరిగిన పక్కటెముకలతో, గడ్డం మీద నురగతో మైకు పట్టుకున్నాడు. వాడి కళ్ళు వద్దంటున్నాయి. నోరు రెండో చరణం మొదలుపెట్టింది.

ఆ గదిలో ముగ్గురి చేతులూ నోళ్ళూ వాళ్ళ మాట వినడం లేదు. ఆమె చేతులు మాత్రం ఆమెవే. కావాలంటే ఆపవచ్చు. సమ్మెట పట్టిన మనిషికి ఆ స్వేచ్ఛ ఉంది.

"అక్కా..." లాయరు గొంతు పెగల్చుకుని గుసగుసగా అన్నాడు. "ఆపు."

"ఆపితే వాడు చచ్చిపోతాడు."

"ఆపకపోతే మేం పోతాం."

ఆమె కొడుతూనే ఉంది. అదే బదులు.

"నాలుకడిగింది, ఇద్దామా?"

లారీ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఊపుతూనే అతని నోరు "ఇద్దాం ఇద్దాం" అంది. నేలకింద గొంతులు కూడా అన్నాయి. ఈసారి ఇంకా దగ్గరగా. ఆమె కాలు పడింది. లారీ పళ్ళు కటుక్కున మూసుకున్నాయి. పళ్ళు కొరికే చప్పుడు ఆమెకి తెలుసు, రోజూ ఆ పనిలోనే ఉంటుంది కదా. ఇది వేరే చప్పుడు. తెరిచిన నోట్లోంచి ఏదో జారి చొక్కా మీద పడి, అక్కడినుంచి నేల మీద పడింది. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా ఊఊఊ అని ఏడ్చాడు. వేళ్ళు మాత్రం బేస్ గిటారు మీద ఒక్క స్వరం తప్పలేదు.

ఆమె వేగం తగ్గించి చూసింది. రెండు దెబ్బల మధ్య కాస్త ఎడం పెరిగింది, అంతే. తమ్ముడి పెదాలు నల్లబడ్డాయి. మళ్ళీ పాత వేగానికే వచ్చింది. ఆమె చెయ్యి ఎప్పుడూ లెక్క తప్పదని చెప్పాను కదా. దాన్ని ఆమె మొదటిసారి అసహ్యించుకుంది.

"మోకాళ్ళడిగింది, ఇద్దామా?"

"దీన్ని ఆపు అక్కా," అన్నాడు లాయరు. "నాకు పిల్లలున్నారు. చిన్నదానికి ఇంకా నడక రాలేదు."

ఆమెకి ఆ పాప తెలుసు. పోయిన నెలలో ఎత్తుకుంది కూడా.

"క్షమించండి లాయరుగారూ," అంది. అని కొట్టింది.

లాయరు కాళ్ళు వెనక్కి విరిగాయి. మనిషి మోకాలు ముందుకే వంగుతుంది, అది దేవుడు పెట్టిన ఏర్పాటు. ఆ ఏర్పాటు ఆమె కళ్ళముందు తప్పింది. ఎముక ప్యాంటు చీల్చుకుని బయటికొచ్చింది. ఆయన గోడకి చేరగిలబడి, కూలిపోయి, గిటారుని పొట్ట మీద పెట్టుకుని వాయిస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆయన ఆమెని ఆపమనలేదు. ఒక్క చూపు చూశాడు. ఆ చూపులో తిట్టు ఉన్నా బాగుండేది. లేదు.

చెప్పుల కింద తడి తగులుతోంది. నెత్తురనుకుంది. చల్లగా ఉంది. నీళ్ళు. నేల బీటల్లోంచి నల్లటి నీళ్ళు ఊరుతున్నాయి. ఆ నీళ్ళ అడుగున ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు... ఒకరు కాదు... చాలామంది... బరువులు మోస్తూ నడుస్తున్నట్టు...

"ఊపిరడిగింది, ఇద్దామా?"

ఈసారి లాయరు ఒక్కడే కళ్ళు మూసుకుని "ఇద్దాం" అన్నాడు. ఆయన నోరే అందో, ఆయనే అన్నాడో ఆమెకి ఈనాటికీ తెలియదు.

దబ్.

ఆయన మెడ పక్కకి వాలింది. గొంతులోంచి గాలి సైకిలు ట్యూబులోంచి పోయినట్టు చాలాసేపు పోయింది. ఆగింది. ఆయన చచ్చిపోయాడు. చేతులు వాయిస్తూనే ఉన్నాయి.

నాలుగు చరణాలకీ అయిదో చరణానికీ మధ్య ఒక ఖాళీ ఉంది. అది లాయరు కట్టిందే, మాటల్లేని రాగం కాబట్టి తమ్ముడు ఒప్పుకున్నాడు. గిటారు ఒకే వరుస మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ఎన్నిసార్లు తిరగాలో లెక్క లేదు. డ్రమ్స్ మీద ఒక ఉరుకు, అంటే గబగబా దెబ్బల వరస, మోగితే అప్పుడు గాయకుడు అందుకోవాలి. ఆ సైగ ఇచ్చేదాకా వాడు పాడడు. ఏ బృందంలోనైనా ఇంతే, డ్రమ్స్ వాయించేవాళ్ళ చేతిలోనే తాళమూ ఉంటుంది, తలుపు తాళమూ ఉంటుంది.

తమ్ముడు మైకు ముందు నిలబడి ఆమె వంక చూస్తున్నాడు. సైగ కోసం.

అయిదో చరణం ఎవరిని అడుగుతుందో ఆమెకి తెలుసు. ఆపితే వాడు పోతాడు. సైగ ఇచ్చినా వాడు పోతాడు. ఇక మిగిలిన దారి ఒక్కటే. ఆపకూడదు, సైగ ఇవ్వకూడదు. కొడుతూనే ఉండాలి.

కొట్టింది.

ఎంతసేపని అడక్కండి. గడియారం ఫోన్లో ఉంది, ఫోను మెట్ల మీద ఉంది. చాలాసేపటికి ఒక కర్ర విరిగింది. మొండి కర్రతో కొట్టింది. అరచేతుల్లో బొబ్బలు లేచాయి, పగిలాయి, కింద ఎర్ర మాంసం కనపడింది. రెండో కర్ర కూడా పోయాక పిడికిళ్ళతో కొట్టింది. డ్రమ్ అంచు తగిలి వేలి కణుపుల మీద చర్మం లేచిపోయింది. కాలి పిక్క రాయైంది. చనిపోయిన మనిషి గిటారు వాయిస్తున్నాడు. నాలుక లేని మనిషి ఏడుస్తూ బేస్ వాయిస్తున్నాడు. నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. చీకట్లో ఎవరో ఆమె వెనక నిలబడి ఆమె చేతుల వంక చూస్తున్నారు. ముక్కులోకి వాళ్ళ తడి బట్టల వాసన వస్తోంది. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే లెక్క తప్పుతుంది.

"అమ్మా," అంది ఒకసారి. పదిహేనేళ్ళ తర్వాత ఆ మాట నోటికొచ్చింది.

తలుపు తెరుచుకుంది.

ఆరింటికల్లా వస్తానన్న భార్య ఎనిమిదైనా రాకపోయేసరికి ఆమె భర్త వెతుక్కుంటూ వచ్చాడు. మెట్ల మీది నాలుగు ఫోన్లు చూశాడు. తలుపు లాగాడు. ఆ తర్వాత ఆయన చేసిన మొదటి పని కేక వెయ్యడం, రెండోది గోడకున్న మెయిను స్విచ్చు కొట్టెయ్యడం. యాంపులు ఆరిపోయాయి. లాయరు చేతులు గిటారు మీంచి జారిపోయాయి. లారీ ముందుకి బోర్లాపడ్డాడు. తమ్ముడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు.

టార్చి వెలుగులో నేల పొడిగా ఉంది. నెత్తురు తప్ప తడి లేదు.

ఆమె ఇంకా కొడుతూనే ఉంది. భర్త నడుం పట్టుకుని లాగితే ఆయన వీపు మీద కొట్టింది. అంబులెన్సులో తమ్ముడి మంచం పక్క రేకు మీద కొట్టింది. పిచ్చెత్తిందన్నారు అందులోని కుర్రాళ్ళు. అననీ.

లాయరు పోయాడు. లారీ బతికాడు గానీ రాయమన్నా ఏమీ రాయడం లేదు, కాగితమిస్తే మొహం గోడవైపు తిప్పుకుంటున్నాడు. పోలీసులు వచ్చారు, అడిగారు, ల్యాప్‌టాప్ పట్టుకుపోయారు. ఆమె చేతులకి కట్లు కట్టారు. తమ్ముణ్ణి మూడో అంతస్తులో గాజు గదిలో పెట్టి ఒంటికి తీగలు తగిలించారు. తలపక్కన తెర మీద వాడి గుండె ఆకుపచ్చ గీతగా పరిగెడుతోంది. ఆమె కుర్చీ మంచానికి ఆనించి, మంచం కోడుని మడమతో తడుతూ కూర్చుంది.

దబ్... దబ్... దబ్...

"కాస్త ఆపమ్మా," అంది నర్సు మొదటి రాత్రి. "పక్క గదుల్లోవాళ్ళు అంటున్నారు."

ఆమె ఆపింది. నర్సుకి చూపిద్దామనే ఆపింది. గీత రెండుసార్లు ఎగిరి బల్లపరుపైపోయింది. మిషను కూతపెట్టింది. ఆమె మడమ తట్టింది. గీత లేచింది.

"వైరు వదులైనట్టుంది," అని నర్సు వైరు సరిచేసి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆపమని మాత్రం అనలేదు. తలుపు దాటేటప్పుడు గోడవారగా నడిచింది.

రెండో రోజు భర్త కూర్చున్నాడు. ఆయన దేన్నీ నమ్మే మనిషి కాదు. అయినా గీత పడిపోవడం తన కళ్ళతో చూశాక, "నువ్వు గంట పడుకో, నేను తడతాలే," అన్నాడు. ఆమె వేగం నేర్పింది. ఎక్కువ తక్కువ కాకూడదని మూడుసార్లు అప్పజెప్పించుకుంది. పడుకుంది గానీ కళ్ళు మూయలేదు. మొగుడి మడమ వంకే చూస్తూ గంట గడిపింది. ఇలా ఎన్నాళ్ళు అని ఆయన అడగలేదు. అడిగితే ఆమె దగ్గర జవాబు ఉంది. బతికినన్నాళ్ళు.

మూడో రోజు పొద్దున ఆయన టీ తేవడానికి కిందికెళ్ళాడు. కిటికీలోంచి ఎండ మంచం మీద పడింది. తమ్ముడు కళ్ళు తెరిచాడు.

ఆమె మంచం మీదికి వంగింది. మడమ ఆపలేదు.

"అక్కా."

"మాట్లాడకురా. ఊపిరి అందదు."

"ఇక చాలక్కా. కాలు నొప్పెడుతుంది."

"నొప్పి లేదు. నువ్వు పడుకో."

వాడు ఆమె వంక జాలిగా చూశాడు. వాడు ఎవరివంకైనా జాలిగా చూడటం ఆమె ఎరుగదు. చిన్నప్పటినుంచీ జాలి పడటం ఆమె పని.

"పాట అయిపోయిందక్కా," అన్నాడు మెల్లగా. "అక్కడే పాడేశాను. ఆ ఖాళీలోనే. నువ్వు అంత గట్టిగా కొడుతుంటే నీకు వినపడలేదు."

"నేను సైగ ఇవ్వలేదు."

"నీ వెనక నిలబడ్డ పెద్దమేస్త్రీ ఇచ్చాడు."

ఆమె మడమ ఆగిపోయింది. ఆపాలని ఆపలేదు.

తెర మీద గీత ఒకసారి ఎగిరింది. ఇంకోసారి ఎగిరింది. బల్లపరుపైంది. మిషను కూత పెడుతుంటే కారిడార్లో ఎవరివో పరుగెత్తే అడుగులు వినపడ్డాయి. ఆమె మంచం కోడుని తన్నింది. మళ్ళీ తన్నింది. గీత లేవలేదు. తమ్ముడు మాత్రం కళ్ళు తెరుచుకుని ఆమె వంకే చూస్తున్నాడు. నవ్వుతున్నాడు. ఊపిరి తీస్తున్నట్టు లేదు.

చల్లటి వేళ్ళు వచ్చి ఆమె మణికట్టు చుట్టూ పడ్డాయి. నది వాసన వేసింది.

"భయపడకు," అన్నాడు వాడు. "ఇప్పుడు సమ్మెట నా చేతిలో ఉంది. నేను ఆపనులే."

వాడి చూపుడువేలు ఆమె నాడి మీద మెల్లగా తట్టింది. ఒకటి. తర్వాత కొంచెం ఆగింది. ఆ కొంచెంసేపూ ఆమె ఛాతీలో ఏమీ కొట్టుకోలేదు.

రెండోసారి తట్టింది.